మూడుసార్లు విడుదలైన పాట

ఒక పాట 1984లో సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా వచ్చింది. బ్రిటన్ చార్టులో 137వ స్థానం దాటలేదు. మరుసటి ఏడాది దాన్ని కొత్తగా రికార్డు చేసి మళ్లీ వదిలారు. అప్పుడూ బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. అదే రికార్డింగు అదే ఏడాది అమెరికాలో ఒకటో నంబరుకి వెళ్లింది, బ్రిటన్‌లో మూడోసారి వదిలితే రెండో నంబరు దాకా వచ్చింది. బ్యాండు నార్వేకి చెందిన ఆ-హా. పాట ‘టేక్ ఆన్ మి’.

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా మేనల్లుడితో ఈ పాట మీద వాదన జరిగింది. వాడు విశాఖలో యానిమేషన్ నేర్చుకుంటున్నాడు. “పెన్సిల్ బొమ్మల వీడియో వల్ల హిట్టయింది అత్తా, పాటదేముంది” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. యానిమేషన్ చదివేవాడు అలా కాక ఇంకెలా అంటాడు! కానీ నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని. ఒక ఫలితానికి ఒక్కటే కారణం చూపిస్తే నాకు నిద్ర పట్టదు. పైగా ఈ పాట మా ఇంటికి వీడియో కంటే కొన్నేళ్ల ముందే వచ్చింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్నకి విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఒక బల్ల, రెండు డెక్కులు, గోడ నిండా క్యాసెట్లు, హెడ్డు తుడవడానికి స్పిరిట్ సీసా, దూది. జనం ఖాళీ క్యాసెట్ తెచ్చుకుని, కావలసిన పాటలు చీటీ మీద రాసిచ్చి వెళ్లేవారు. 60 నిమిషాలదా, 90 నిమిషాలదా, ఏ సైడుకి ఏవి, బి సైడుకి ఏవి, అడ్వాన్సు ఎంత, ఎప్పటికి కావాలి, ఇవన్నీ నాన్న ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవారు. ఇళయరాజా పాటలు లేని పేజీ ఉండేది కాదు. కార్తీకం వస్తే అయ్యప్ప పాటలు, దసరా దాటి సిరిమాను దగ్గర పడితే అమ్మవారి పాటలు. పెళ్లిళ్ల రోజుల్లో సన్నాయి. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట ‘ఆహా - ఇంగ్లీషు’ అని నాన్న దస్తూరీలో ఉంటుంది. ఆ పుస్తకాల్లో కొన్ని చెదలు తినగా మిగిలినవి నా దగ్గర ఉన్నాయి.

ఆ క్యాసెట్ తెచ్చింది మా పెద్దమ్మ కొడుకు. మర్చంట్ నేవీలో చేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా సబ్బులు, సెంటు, టేపులు తెచ్చేవాడు. ఒకసారి తెచ్చిన వాటిలో ‘హంటింగ్ హై అండ్ లో’ ఆల్బమ్ ఉంది. అందులో మొదటి పాటే ఇది. నాన్న డెక్కులో పెట్టి విని, “ఏటమ్మా, ఈ కుర్రోడు గొంతు ఎక్కడికెక్కించేస్తన్నాడు?” అన్నారు.

నాన్న అన్నది నిజమే. పల్లవి అడుగు నుంచి మొదలై ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతుంది. మొత్తం మీద గాయకుడు మార్టెన్ హార్కెట్ రెండున్నర స్థాయిల మేర తిరుగుతాడు. చివరి పై స్వరం దగ్గర మామూలు గొంతు వదిలేసి, పై స్వరాలకి వాడే పలచటి దొంగగొంతులోకి జారిపోతాడు. ఆ జారడం ఎక్కడ జరిగిందో చెవికి దొరకదు. మా పెదనాన్న మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు పనిచేసిన కాలేజీ కాబట్టి ఆయనకి పాశ్చాత్య పాటలంటే సహజంగానే చిన్నచూపు. దొంగగొంతు అంటే ఇంకా చిన్నచూపు. ఆయన రెండుసార్లు వినిపించుకుని, “శ్రుతి మాత్రం కదల్లేదు” అన్నారు. ఆయన నోట అంతకు మించిన సర్టిఫికెట్ నేను వినలేదు.

ఇప్పుడు నార్వే వైపు వెళదాం. బ్యాండులో ముగ్గురు. పాడేది హార్కెట్, కీబోర్డు మాగ్నే ఫురుహోల్మెన్, గిటారు పాల్ వాక్టార్. మాగ్నే, పాల్ అంతకు ముందు ఓస్లోలో బ్రిడ్జెస్ అనే బ్యాండులో ఉన్నారు. ఈ పాటకి గుండెకాయ లాంటి కీబోర్డు బిట్టు మాగ్నే టీనేజీలో కట్టుకున్నదే. అప్పట్లో పాల్‌కి అది మరీ తేలికైన పాప్ ట్యూనులా, చూయింగ్ గమ్ ప్రకటనలా అనిపించిందట. పక్కన పడేశారు. తర్వాత హార్కెట్ వచ్చి చేరాక, ఆ బిట్టు విని ఇది కావాలన్నాడు. దానికి ఒక దశలో ‘లెసన్ వన్’ అని పేరు పెట్టారు, తర్వాత ఇప్పుడున్న పేరు.

ఓస్లోలో కూర్చుంటే లాభం లేదని 1983లో లండన్ చేరారు. డబ్బుల్లేవు. స్టూడియో ఎంచుకోవడానికి వాళ్లు చూసిన అర్హత ఏమిటంటే, జాన్ ర్యాట్‌క్లిఫ్ అనే ఆయన స్టూడియోలో స్పేస్ ఇన్వేడర్స్ వీడియో గేము మెషీన్ ఉండటం. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఎక్కడైనా ఒకటే. ఆ ర్యాట్‌క్లిఫ్ ద్వారానే వాళ్లకి టెర్రీ స్లేటర్ మేనేజరుగా దొరికాడు, ఆయన ద్వారా వార్నర్ రికార్డు కంపెనీలో కాంట్రాక్టు దొరికింది.

1984 రికార్డింగు నిర్మాత టోనీ మాన్స్‌ఫీల్డ్. ఆయన ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యం మీద గట్టివాడు. ఆ రోజుల్లో ఫెయిర్‌లైట్ ఉన్న స్టూడియో అంటే పెద్ద గౌరవం. కానీ ఆ వాద్యం ఈ పాటకి నప్పలేదు. యూట్యూబులో ఇప్పుడూ వినొచ్చు. ట్యూను అదే, గొంతు అదే, బిట్టు అదే. అయినా పాట నేల మీద కాలు మోపినట్టు ఉండదు. డ్రమ్ము పలచగా, అట్ట మీద వేళ్లతో కొట్టినట్టు వినిపిస్తుంది. వీడియో కూడా నీలం తెర ముందు నిలబడి పాడిన మామూలు వీడియో. స్వదేశం నార్వేలో 3వ స్థానానికి వెళ్లింది. బయట ఎక్కడా చప్పుడు లేదు.

నార్వేలో ఆ 3వ స్థానం చూపించి నా మేనల్లుడిని కాస్త ఇరుకున పెట్టాను. పెన్సిల్ బొమ్మలు లేవు, గొప్ప రికార్డింగూ కాదు, అయినా అక్కడి జనం కొన్నారు కదా? “మనూరి కుర్రాళ్లు కదా అని కొనుంటారు” అన్నాడు. అదీ నిజమే కావచ్చు. లండన్ వెళ్లి పాడుతున్న సొంత దేశపు బ్యాండంటే ఎవరికి ముచ్చట ఉండదు?

తర్వాత అలన్ టార్నీ వచ్చాడు. బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ 1979 నాటి హిట్టు ‘వి డోంట్ టాక్ ఎనీమోర్’ రాసినవాడు. ఈయన చేసిన పని వింటే మన ఆర్కెస్ట్రా వాళ్లకి బాగా అర్థమవుతుంది. వాద్యాలు పెంచలేదు, పాట కట్టుబడి మార్చలేదు. బిట్టుని రోలాండ్ జూనో-60 అనే సింథసైజర్ కీబోర్డు మీద వాయించారు. తాళం లిన్‌డ్రమ్ అనే డ్రమ్ము మెషీనుదే, కానీ దాని మీద అసలైన సింబల్స్, హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కన ఉండే లోహపు పళ్లేలు) మనుషుల చేత కొట్టించి కలిపారు. కింద అకూస్టిక్ గిటారు నడుస్తూ ఉంటుంది. చాలామందికి అది ఉందని కూడా తెలియదు. తీసేస్తే మాత్రం వెలితి తెలుస్తుంది. మెషీను తాళం మీద మనిషి చేతి సింబల్ పడేసరికి పాటకి ఊపిరి వచ్చింది. విజయనగరంలో పెళ్లి ఆర్కెస్ట్రాలు రిథమ్ ప్యాడు వచ్చాక కూడా డోలక్ మనిషిని ఎందుకు మానలేదో ఆలోచిస్తే ఇదే కారణం దొరుకుతుంది.

నిజానికి నా వాదనకి పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంత చక్కగా చేసిన ఈ రికార్డింగుని 1985లో బ్రిటన్‌లో విడుదల చేస్తే అప్పుడూ పోయింది. అంటే రికార్డింగు ఒక్కటే మారినప్పుడు ఫలితం మారలేదు. లెక్కల మనిషిగా ఈ సాక్ష్యాన్ని దాచిపెట్టలేను. మేనల్లుడు ఈ ముక్క పట్టుకుని ఎగిరాడు. ఎగరనిచ్చాను.

కానీ ఆ విడుదలకీ మూడో విడుదలకీ మధ్య మారింది వీడియో ఒక్కటేనా? వీడియో దానంతట అది పుట్టలేదు. లండన్ ఆఫీసు పెద్దగా ఆసక్తి చూపని చోట, అమెరికా వార్నర్ తరఫున ఆండ్రూ వికమ్ ఈ బ్యాండుని వదలకుండా పట్టుకున్నాడు. రెండుసార్లు పోయిన పాట మీద మళ్లీ డబ్బు పెట్టడానికి అక్కడి కంపెనీ ఒప్పుకుంది, అదీ ఆ కాలానికి చాలా ఖర్చయ్యే వీడియో మీద. మన దగ్గర ఒక సినిమా పోతే ప్రింట్లు తిరిగి డబ్బాలోకి వెళ్లిపోతాయి, మూడోసారి రిలీజు చేసే నిర్మాతని నేను చూడలేదు. నా దృష్టిలో ఈ కథలో హీరో ఎవరంటే, టార్నీ తర్వాత, ఆ చెక్కు మీద సంతకం పెట్టించినవాళ్లు.

వీడియో దర్శకుడు స్టీవ్ బారన్. మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ వీడియో తీసింది ఈయనే. బొమ్మలు గీసినవాళ్లు మైకేల్ ప్యాటర్సన్, క్యాండిస్ రెకింజర్ అనే దంపతులు. ముందు మనుషులతో మామూలుగా షూటింగ్ చేస్తారు. తర్వాత ఆ ఫిల్ము ఒక్కో ఫ్రేమునీ చూస్తూ దాని మీద పెన్సిలుతో గీస్తారు. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. సుమారు 3,000 ఫ్రేములు, 16 వారాల పని. కథ చాలా చిన్నది. కాఫీ హోటల్లో ఒక అమ్మాయి బొమ్మల కథల పుస్తకం చదువుతుంటుంది. అందులోని కుర్రాడు కన్నుకొట్టి, పేజీలోంచి చెయ్యి చాపుతాడు. ఆమె లోపలికి వెళ్లిపోతుంది. బిల్లు కట్టకుండా పోయిందనుకున్న హోటలు ఆవిడ ఆ పుస్తకాన్ని నలిపి చెత్తబుట్టలో పారేస్తుంది, లోపల ఇద్దరు విలన్లు పానా పట్టుకుని వెంటపడతారు. బిల్లు విషయంలో హోటలు ఆవిడ మీద నాకు ఎప్పుడూ సానుభూతే.

అమెరికాలో ఎంటీవీ దీన్ని తిప్పడం మొదలుపెట్టింది. 1985 జులై 13 నాటి హాట్ 100లో, అంటే బిల్‌బోర్డ్ పత్రిక వేసే అమెరికా పాటల చార్టులో, పాట 91వ స్థానంలో అడుగుపెట్టింది. తారాజువ్వలా ఏమీ లేవలేదు. వారానికి కొన్ని మెట్లు చొప్పున ఎక్కుతూ, 15వ వారం, అంటే అక్టోబరు 19 నాటి చార్టులో ఒకటో స్థానం చేరింది. అమెరికా చార్టులో నార్వే వాళ్లు మొదటి స్థానానికి రావడం అదే మొదలు. అప్పుడు మన దగ్గర దసరా నవరాత్రులు. నాన్న షాపులో అమ్మవారి పాటలు రెండు డెక్కుల్లోనూ నడుస్తూ ఉండి ఉంటాయి.

ఆ స్థానంలో ఉన్నది ఒక్కటే వారం. తర్వాతి వారం విట్నీ హ్యూస్టన్ పాట వచ్చి కూర్చుంది. కానీ ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ వేసిన లెక్కలో ఈ పాటకి 10వ స్థానం దక్కింది. ఒక వారం పైన ఉండటం కంటే నెలల తరబడి దిగకుండా ఉండటం గొప్పని నేను పిల్లలకి మార్కుల గురించి చెబుతుంటాను, వాళ్లు వినరు.

చార్టంటే ఏమిటి, ఎలా లెక్కపెడతారు అన్నది ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అమెరికా హాట్ 100లో అప్పట్లో రెండు రకాల లెక్కలు కలిసేవి. రికార్డు షాపుల్లో అమ్మకాలు ఒకటి, రేడియో స్టేషన్లలో ఎంతగా వేస్తున్నారన్నది రెండోది. 1985 నాటికి షాపుల వాళ్లు ఎన్ని అమ్మారో అంకెలు చెప్పేవారు కాదు, ఏది ఎక్కువ పోతోంది, ఏది తర్వాత అని వరస మాత్రం చెప్పేవారు. స్కానరుతో అసలు అంకెలు తీసుకోవడం హాట్ 100కి 1991 చివర్లో మొదలైంది. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ 1983 నుంచి గాలప్ సంస్థ షాపుల నుంచి లెక్క తీసేది, లెక్కలోకి వచ్చేది అమ్మకాలు మాత్రమే. రేడియోలో ఎంత మోగినా, టీవీలో ఎంత తిరిగినా, షాపుకి వెళ్లి డబ్బు కట్టి కొంటేనే అంకె పెరిగేది.

మన వైపు పాటలకి ఇలాంటి లెక్కే లేదు. హిందీ పాటలకి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా ఉండేది. ఆయన ఒక్కో స్థానాన్ని మెట్టు అని పిలుస్తూ కింద నుంచి పైకి చెప్పుకొచ్చేవాడు. మా పెదనాన్న కూడా వినేవారు, బయటికి చెప్పేవారు కాదు. తెలుగు వాళ్లం మాత్రం పాటని వదిలేసి సినిమాని లెక్కపెట్టాం. ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు? అందులో డైరెక్టుగా ఎన్ని, షిఫ్టింగులతో ఎన్ని? ఈ షిఫ్టింగుల మీద మా వీధిలో తలలు పగిలినంత పనయ్యేది. ఒక హాల్లోంచి తీసి ఇంకో హాల్లో ఉదయం ఆటకి వేసి వంద రోజులు అనిపించుకుంటే అది లెక్కా, కాదా? ఆ గొడవలు చూసి పెరిగినవాళ్లకి బిల్‌బోర్డుకీ గాలప్‌కీ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తేడా వల్లే ఈ పాట కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వస్తుంది. బ్రిటన్‌లో మూడో విడుదల 1985 సెప్టెంబరులో జరిగింది. ఈసారి ఎక్కింది. రెండో స్థానం దాకా వచ్చి మూడు వారాలు అక్కడే ఆగిపోయింది. పైన జెన్నిఫర్ రష్ ‘ది పవర్ ఆఫ్ లవ్’ అయిదు వారాల పాటు కదలకుండా కూర్చుంది. ఆ పాట కథ ఇంకా విచిత్రం. అది జూన్‌లో బ్రిటన్ చార్టులోకి వచ్చి, మెల్లమెల్లగా 16 వారాలు పాకి అక్టోబరులో పైకి చేరింది. ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే, పది లక్షలు దాటింది. పాడిన జెన్నిఫర్ రష్ పుట్టింది న్యూయార్కులో. మరి సొంత దేశంలో ఆ పాటకి దక్కిందేమిటి? 57వ స్థానం.

అంటే 1985 అక్టోబరులో, అమెరికా ఆవిడ పాట బ్రిటన్‌లో నార్వే కుర్రాళ్లని ఆపింది, అమెరికాలో నార్వే కుర్రాళ్లు మొదటి స్థానంలో ఉంటే ఆవిడ పాటని అడిగే నాథుడు లేడు. ‘మంచి పాట ఎక్కడైనా ఆడుతుంది’ అనేవాళ్లకి ఈ రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఇంకో తమాషా. ‘ది పవర్ ఆఫ్ లవ్’ అనే పేరుతోనే ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అనే బ్యాండు పాట 1984 డిసెంబరులో బ్రిటన్‌లో ఒకటో స్థానంలో ఉంది, హ్యూయీ లూయిస్ పాట 1985 ఆగస్టులో అమెరికాలో ఒకటో స్థానంలో ఉంది. మూడూ మూడు వేర్వేరు పాటలు. జెన్నిఫర్ రష్ పాట కూడా చివరికి అమెరికాలో మొదటి స్థానం చేరింది, కాకపోతే 1994లో, సెలిన్ డియాన్ గొంతులో. మా షాపుకి ఎవరైనా చీటీ మీద ‘పవర్ ఆఫ్ లవ్’ అని రాసుకొస్తే నాన్నకి చచ్చే చావు, ఏ పాటో పాడి వినిపించమనేవారు. గంటస్తంభం దగ్గర సందులో నిలబడి ఇంగ్లీషు పాట పాడాలంటే సిగ్గుపడి కొందరు వెనక్కి వెళ్లిపోయేవారు.

అవార్డుల దగ్గర కూడా ఇలాంటి మెలికే. 1986 ఎంటీవీ వీడియో అవార్డుల్లో ‘టేక్ ఆన్ మి’ ఆరు గెలుచుకుంది, దర్శకత్వంతో సహా. ‘ఈ ఏటి వీడియో’ అనే పెద్ద అవార్డు మాత్రం డైర్ స్ట్రెయిట్స్ బ్యాండు ‘మనీ ఫర్ నథింగ్’కి పోయింది. దానికీ దర్శకుడు స్టీవ్ బారనే. ఆ రోజు ఆయనకి ఎటు చూసినా పండగే.

ఇక మా ఊరి సంగతి. మా అన్నయ్య తెచ్చిన టేపులోంచి ఈ పాట మెల్లగా కొందరికి పాకింది. ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు. వాళ్లకి ఇంగ్లీషు ముక్కలు తెలియవు, పల్లవిలో గొంతు పైకి లేచే చోటు మాత్రం అందరూ పాడబోయేవారు, ఎవరికీ అందేది కాదు. అందని చోట ఈల వేసేవారు. అప్పటికి వాళ్లలో ఒక్కరికీ ఆ వీడియో సంగతి తెలియదు. స్టార్ టీవీ 1991లో వచ్చి, దాంతో పాటు ఎంటీవీ వచ్చి, మా వీధిలో కేబుల్ వైరు లాగాకే మేం ఆ పెన్సిల్ బొమ్మలు చూశాం. నాన్న చూసి, “ఓహో, మన కుర్రోడేనా” అన్నారు. అన్నేళ్లూ వింటున్న గొంతుకి మొహం దొరికింది.

ఆ తర్వాత ‘ఆ పెన్సిల్ బొమ్మల పాట’ అని అడిగేవాళ్లు వచ్చారు. పుస్తకంలో వాళ్ల వంతు కనిపిస్తుంది. వీడియోకి ముందు అడిగినవాళ్లు పాటకి వచ్చినవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది బొమ్మకి వచ్చినవాళ్లు. ఇదీ నా సాక్ష్యం. ఇది చాలా చిన్న సాక్ష్యమని నాకు తెలుసు. మా నాన్న పుస్తకం గాలప్ కాదు. అందులోకి రాని లెక్క ఇంకా పెద్దది. ఒకడు మా దగ్గర ఎక్కించుకెళ్లిన క్యాసెట్‌ని హాస్టల్లో టూ-ఇన్-వన్ పెట్టుకుని ఇంకెంతమందికి ఎక్కించాడో ఎవరికి తెలుసు? మా సందులో ఎక్కిన కాపీలూ, హాస్టల్లో ఎక్కిన కాపీలూ లండన్‌లోగానీ న్యూయార్కులోగానీ ఎవరి అమ్మకాల్లోకీ చేరలేదు, పాడినవాళ్లకి పైసా ముట్టలేదు.

బ్యాండు ఒక్క పాటతో ఆగిపోయిందని అమెరికా వాళ్లు అంటుంటారు. వాళ్ల చార్టు చూస్తే అలాగే కనిపిస్తుంది. తర్వాతి పాట ‘ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’ అక్కడ 20 దగ్గర ఆగింది. బ్రిటన్‌లో మాత్రం అదే పాట 1986 జనవరిలో ఒకటో స్థానం. ‘టేక్ ఆన్ మి’కి ఇవ్వని కుర్చీని తర్వాతి పాటకి ఇచ్చారు. నా మటుకు నాకు రెండోదే మెరుగైన పాట, దాని మీద ఇంకోసారి రాస్తాను.

‘టేక్ ఆన్ మి’కి ఆ కుర్చీ 2000లో దక్కింది, వేరేవాళ్ల చేత. ఎ1 అనే కుర్రాళ్ల బ్యాండు ఈ పాటని మళ్లీ పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లింది. ఆ బ్యాండులోనూ ఒక నార్వే కుర్రాడు ఉన్నాడు. ఆ రికార్డింగు నాకు అస్సలు నచ్చదు, ఉప్పు వేయడం మర్చిపోయిన పులుసులా ఉంటుంది. కానీ చార్టు రుచి చూడదు కదా, ఎన్ని గిన్నెలు అమ్మామన్నదే దానికి కావాలి. 2013లో పిట్‌బుల్, క్రిస్టినా అగిలెరా పాట ‘ఫీల్ దిస్ మొమెంట్’లో మాగ్నే బిట్టు మళ్లీ వినిపించింది, అదీ రెండు దేశాల్లో మొదటి పదిలోకి వచ్చింది. నా ట్యూషన్ పిల్లల్లో చాలామందికి ఆ బిట్టు పిట్‌బుల్‌ది. కాలేజీ డేలకి దాని మీదే డాన్సులు వేస్తారు. 2020 ఫిబ్రవరిలో అసలు వీడియో యూట్యూబులో 100 కోట్ల వ్యూస్ దాటింది. ఉచితంగా చూసే లెక్క ఇది, గాలప్ వాళ్లయితే ఒక్కటి కూడా లెక్కలో వేసేవారు కాదు.

2017లో వాళ్లే నార్వేలోని గిస్కె దీవిలో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే కార్యక్రమం కోసం ఈ పాటని చాలా నెమ్మదిగా పాడారు. డ్రమ్ము మెషీను లేదు, పరుగు లేదు. వయసు మీద పడిన హార్కెట్ ఆ పై స్వరాన్ని దూకి పట్టుకోడు, నింపాదిగా వెళ్లి అందుకుంటాడు. వేగం తీసేస్తే ట్యూనులో ఇంత దిగులు ఉందా అనిపిస్తుంది. 1984లో నార్వే బయట ఎవరికీ పట్టని ట్యూను ఇదే.

వినాలనుకుంటే వరసగా మూడూ వినండి. ముందు మాన్స్‌ఫీల్డ్‌ది, తర్వాత టార్నీది, ఆఖర్న గిస్కె దీవిది. మొదటిసారి వీడియో చూడకుండా, ఫోను బోర్లా పెట్టి వినండి. మొదటి రెంటికీ తేడా పాట మొదలైన కొద్ది సెకన్లలోనే, డ్రమ్ము దగ్గరే దొరికిపోతుంది. హెడ్‌ఫోన్ అయితే మంచిది. అకూస్టిక్ గిటారు ఫోను స్పీకరులో వినబడదు.